తారు పరిచారు, ఆ తర్వాత చూసేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

ఆస్పత్రి ఆవరణలోని పార్కింగ్ స్థలమంతా గుంతలు పడి రోగులు ఇబ్బంది పడుతున్నారని మీ జిల్లా పేజీలో ఫొటోతో సహా వేసిన వార్త చదివాను. చివర్లో అధికారుల వివరణ కూడా ఇచ్చారు. మొత్తం తవ్వి కొత్తగా తారు వేయించడానికి అంచనాలు పంపామని, నిధులు మంజూరు కాగానే పనులు మొదలుపెడతామని వారు చెప్పారు. గుంతల ఫొటో కన్నా ఆ వివరణే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. నేను రోడ్లు భవనాల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగ జీవితమంతా తారు పనుల దగ్గరే గడిచింది. ఆ ఆవరణలో తారు వేసేనాటికే రిటైరయ్యాను కాబట్టి ఆ పనితో నాకు సంబంధం లేదు. మా ఇల్లు అటువైపే కావడంతో అది కొత్తగా నిగనిగలాడిన రోజుల నుంచి ఇప్పటి దాకా ఎలా పాడయిందో దగ్గరుండి చూశాను. ఇప్పుడు మళ్లీ వేయించినా కొన్నేళ్లకు ఇదే గతి పడుతుంది. నేను చూసిన ఇలాంటి అంచనాల్లో కంకర ఉంటుంది, తారు ఉంటుంది, రోలర్ అద్దె ఉంటుంది. వేసిన తర్వాత ఏటా చేయించవలసిన చిన్న పనుల ఊసే ఉండదు.

ఆ ఆస్పత్రి పేరు రాయడం లేదు. ఒక్కరిని నిలదీయడం నా ఉద్దేశం కాదు. బస్టాండ్లు, మార్కెట్ యార్డులు, కార్యాలయాల ఆవరణలు, కల్యాణ మండపాలు, గుళ్ల దగ్గర బండ్లు నిలిపే స్థలాలు, ఎక్కడ చూసినా ఇదే వరస.

పార్కింగ్ స్థలం గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. రోడ్డు మీద లారీలు పరుగెత్తుతాయి కాబట్టి అది అరుగుతుందని, ఇక్కడ బండ్లు ఊరికే నిలబడి ఉంటాయి కాబట్టి ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి చూడనక్కర లేదని అనుకుంటారు. ఇలాంటి చోట తారును ముందుగా దెబ్బతీసేది బరువు కాదు, ఎండా గాలీ. ముడిచమురును శుద్ధి చేసి పెట్రోలు, డీజిలు వగైరా తీశాక అడుగున మిగిలేదే మనం వాడే తారు. అందులో నూనెలాంటి మెత్తటి పదార్థమూ, గట్టి పదార్థమూ కలిసి ఉంటాయి. ఆ మెత్తదనం ఉన్నంతకాలం తారు సాగుతుంది, కంకరను పట్టి ఉంచుతుంది. ఎండ వేడికీ, గాలిలోని ఆక్సిజన్‌కూ ఆ గుణం ఏటేటా తగ్గి తారు పెళుసుబారుతుంది. బండ్లు తిరిగే రోడ్డు మీద టైర్లు పైపొరను ఎప్పటికప్పుడు అదిమి బిగువుగా ఉంచుతాయి. పార్కింగ్ స్థలంలో ఆ అదుము దొరకదు. అందుకే మూలల్లో, గోడ వారన, బండ్లు పెద్దగా తిరగని చోట పొర ముందుగా ఎండిపోవడం గమనించవచ్చు. ఇక మాది పల్నాడు. రాష్ట్రంలో ఎండలంటే ముందు రెంటచింతల పేరే చెప్పుకుంటారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత ఉన్న నేల మీద నల్లటి తారు పరిచి, దాని మానాన దాన్ని వదిలేస్తున్నాం.

పాడవడం మొదలైందని ముందుగా చెప్పేది రంగు. కొత్త తారు నల్లగా ఉంటుంది. రెండు మూడు వేసవులు గడిచేసరికి బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ దశలో వంగి అరచేత్తో గట్టిగా రాస్తే సన్నటి రాతిపొడి చేతికి అంటుకుంటుంది, చిన్న రాతి చిప్స్ ఊడి వస్తాయి. అప్పటికి గుంత ఒక్కటి కూడా ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆ తర్వాత వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. ఆ పగులు ఎంత ప్రమాదకరమో తెలుసుకోవాలంటే పరికరాలేమీ అక్కరలేదు. ఒక చెంబు నీళ్లు దాని మీద పోసి చూడండి. నీళ్లు పక్కకు పారితే భయం లేదు. పగులు వెంట నీళ్లు లోపలికి గుటకలు వేస్తూ దిగిపోతుంటే కింద కంకర పొర తడుస్తోందని అర్థం. ఆ ఆస్పత్రి ఆవరణలో తూర్పు గోడ పక్కన నేను అలా నీళ్లు పోసి చూశాను. చెంబు నీళ్లూ అక్కడికక్కడే ఇంకిపోయాయి, పక్కకు ఒక్క ధారా పారలేదు. అప్పటికి పగుళ్లు నాలుగైదు చోట్లే ఉన్నాయి. ఒక డ్రమ్ము ఎమల్షన్ (నీళ్లలో కలిపిన తారు), కాస్త రాతిపొడి, ఇద్దరు కూలీలు ఉంటే ఒక్కరోజు పనితో పోయేది. అక్కడి కార్యాలయంలో చెప్పాను. మరమ్మతుల పద్దులో డబ్బు లేదని, పూర్తిగా పాడయ్యాక కొత్త పనిగా పెట్టుకుంటామని జవాబిచ్చారు. ఆ మాట చెప్పిన ఉద్యోగి నిబంధన ప్రకారమే మాట్లాడారు. నా ఫిర్యాదు ఆ నిబంధన మీదే.

నీళ్లు దిగితే ఏమవుతుందో మా ప్రాంతం వారికి విడమరచి చెప్పనక్కర లేదు. మాది నల్లరేగడి నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. పైన ఎంత నాణ్యమైన తారు వేసినా, కింద మట్టి ఏటా ఇలా లేస్తూ దిగుతూ ఉంటే పొర నిలవదు. అందుకే కింద మొరం పొర, దానిపై కంకర పొర వేసి గట్టిపరుస్తాం. ఆ పొరలు పొడిగా ఉన్నంతకాలమే వాటి బలం. నీళ్లు నిలిచిన కంకర పొర మీదికి అంబులెన్సు ఎక్కినప్పుడల్లా లోపలి సన్నటి మట్టి బురదై పగుళ్లలోంచి పైకి చిమ్ముతుంది. వాన వెలిశాక పగుళ్ల చుట్టూ తెల్లటి మరకలు కనిపిస్తే అది ఇదే. అక్కడి నుంచి పగుళ్లు ఒకదానితో ఒకటి కలిసి చిన్న చిన్న పలకలుగా విడిపోతాయి. ఇంజినీర్లు మొసలి పగుళ్లు అనేవి ఇవే. ఇంత దూరం వచ్చాక పైపై పూతలు పనికిరావు. ఆ ముక్క తవ్వి అడుగు నుంచి కట్టుకు రావలసిందే.

ఎండకూ వానకూ తోడు మనం చేసే హాని కూడా ఉంది. తారు, డీజిలు, ఇంజిన్ ఆయిల్ అన్నీ ఒకే చమురు నుంచి వచ్చినవి. ఆటోలు, అంబులెన్సులు ఒకే చోట నిలబడి రోజూ చుక్క చుక్క నూనె కారుస్తుంటే అక్కడ తారు కరిగి మెత్తబడుతుంది. ఆస్పత్రి గేటు లోపల ఆటోలు నిలిపే చోట గోరుతో గీకితే పెచ్చు లేచి వచ్చింది. మే నెలలో మోటారు సైకిళ్ల సైడ్ స్టాండ్లు తారులోకి దిగబడి, బండి తీసినప్పుడు బొటనవేలు పట్టేంత గుంటలు మిగులుతాయి. అలాంటివి వందలకొద్దీ వరసగా పడి, మొదటి వానకు ఒక్కొక్కటీ నీటి గిన్నె అవుతుంది. ద్విచక్ర వాహనాలు నిలిపే వరసలో తారు బదులు సిమెంటు కాంక్రీటు పట్టీ గాని, పేవర్ బ్లాకులు గాని వేస్తే ఈ బాధ ఉండదు. ఆటోల స్టాండుకూ అదే చేయాలి. స్థలమంతా ఒకే సామగ్రితో వేయాలన్న నియమం ఎక్కడా లేదు.

రోగుల సంగతికి వస్తాను, ఈ ఉత్తరం రాయించింది అదే. పోయిన వానాకాలంలో ఒక పెద్దావిడను తుంటి ఎముక విరిగి ఆటోలో తీసుకొచ్చారు. గేటు నుంచి ఆటో మెట్ల దాకా రాలేకపోయింది, మధ్యలో మోకాటి లోతు నీళ్ల గుంత. వార్డు సిబ్బంది స్ట్రెచర్ తెచ్చారు. దాని చక్రాలు అరచేయంత కూడా ఉండవు. చిన్న గుంతలోనూ ఇరుక్కుంటాయి. చక్రం ఇరుక్కుని స్ట్రెచర్ ఒరిగిన ప్రతిసారీ ఆమె ‘అయ్యో, ఆపండి నాయనా’ అని అరిచింది. చివరికి ఆమె కొడుకు, అక్కడే టీ తాగుతున్న ఇద్దరు యువకులు కలిసి స్ట్రెచర్‌ను చేతులతో మోసుకెళ్లారు. గుంత లోతు ఎన్ని అంగుళాలో కొలిచి రాసుకునే ఉద్యోగం చేశాను. ఆ లోతు ఒక మనిషి నొప్పిగా ఎలా మారుతుందో ఆ రోజు చూశాను.

ఇక ఏం చేయాలో చెబుతాను. పెంకుటింట్లో ఉన్నవారు వానలకు ముందే జారిన పెంకులు సర్దించుకుంటారు. ఇల్లు కారడం మొదలయ్యాక పైకెక్కరు. తారుకూ అదే వేళ, అదే పద్ధతి. సంక్రాంతి వెళ్లాక వాతావరణం పొడిగా ఉంటుంది, చలికి పగుళ్లు కాస్త విచ్చుకుని ఉంటాయి. వాటిని నింపడానికి అంతకు మించిన అదను లేదు. ఎండాకాలం వచ్చేసరికి పొర వ్యాకోచించి పగులు మూసుకున్నట్టు కనిపిస్తుంది, లోపలికి మందు దిగదు. ముందుగా పగుళ్లలో మొలిచిన గరిక పీకాలి. వేరు మిగిలితే మళ్లీ మొలిచి పగులును చీలుస్తుంది. తీగ బ్రష్షుతో మట్టి గీకి, కంప్రెసర్ గాలితో ఊదించాలి. ఈ శుభ్రం చేసే పనికే ఎక్కువ సమయం పట్టాలి. మట్టి మీద పోసిన తారు మట్టికి అంటుకుంటుంది గాని అంచులకు అంటుకోదు. మూడు మిల్లీమీటర్ల లోపు సన్న పగుళ్లకు నెమ్మదిగా గట్టిపడే ఎమల్షన్ పోస్తే దానంతట అదే లోపలికి దిగుతుంది. అంతకన్నా వెడల్పువాటికి ఎమల్షన్‌లో సన్నటి రాతిపొడి కలిపి ముద్దగా చేసి కూరాలి. పైన కాస్త పొడి చల్లితే టైర్లకు అంటుకోదు. ఇంతకు మించి ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు. రోడ్ల పనులకు ప్రమాణాలు రూపొందించే భారత రోడ్డు కాంగ్రెస్ (ఐఆర్‌సీ) వారి ఐఆర్‌సీ 82 అనే నియమావళి ఉన్నదే తారు ఉపరితలాల నిర్వహణ కోసం. దాన్ని 2015లో సవరించి మళ్లీ అచ్చువేశారు. ప్రతి ఇంజినీరింగ్ కార్యాలయంలోనూ ఉండవలసిన పుస్తకం అది.

పగుళ్లు నింపాక, పైపొర బూడిదబారిన చోట పలుచటి ఎమల్షన్ పూత వేయించాలి. ఎమల్షన్ అంటే తారును అతి సన్నటి బిందువులుగా నీళ్లలో కలిపిన ద్రవం. మామూలు తారులా బాగా కాచి పోయనక్కర లేదు, పొయ్యి అక్కర లేదు, పొగ ఉండదు. ఆస్పత్రి లాంటి చోట అదెంత మేలో వేరే చెప్పాలా? డబ్బాలోంచి పోసినప్పుడు అది కాఫీ రంగులో ఉంటుంది. పలుచగా పరిచి కొంతసేపు చూస్తూ ఉంటే అంచుల నుంచి మొదలై నల్లబడుతూ వస్తుంది. నీరు విడిపోయి తారు రాతికి పట్టుకుంటోందని దానర్థం. మా వాళ్లు దీన్ని ‘బ్రేక్ అయింది’ అంటారు. గోధుమ రంగు పూర్తిగా పోయేదాకా దాని మీద అడుగు పెట్టనివ్వకూడదు. తొందరపడి బండ్లు వదిలితే పూత టైర్లతో పాటు లేచిపోతుంది, డబ్బు నేలపాలవుతుంది. ఎమల్షన్‌తో సన్న కంకర కలిపి పలుచగా పరిచే స్లర్రీ సీల్, మైక్రో సర్ఫేసింగ్ అనే పద్ధతులూ ఉన్నాయి. వాటికీ రోడ్డు కాంగ్రెస్ 2008లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పాడవుతున్నా ఇంకా పట్టుతప్పని ఉపరితలానికి అవి బాగా పనికొస్తాయి. అడుగు చెడిన చోట ఏ పూతా నిలవదు, ఆ తేడా గుర్తించడమే ఇంజినీరు పని.

స్థలమంతా మూసేస్తే రోగులెక్కడికి పోవాలని ఒకాయన నన్ను అడిగారు. టెక్సాస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు వాళ్ల అపార్ట్‌మెంట్ల ఆవరణలో ఈ పని జరగడం చూశాను. ఏ వరస ఏ రోజు మూస్తారో వారం ముందే తలుపులకు కాగితాలు అంటించారు. సగం స్థలానికి తాడు కట్టి పూత వేశారు, అది ఆరాక మిగతా సగం మొదలుపెట్టారు. అక్కడ ఒక్క గుంత లేదు, పగుళ్లు కూడా వెతికితే గాని కనబడవు. ఇంత బాగున్నదానికి ఎందుకని నేను అడిగితే, బాగున్నప్పుడే వేస్తారని మా అల్లుడు చెప్పాడు. అమెరికా సైన్యం ఇంజినీరింగ్ విభాగం రూపొందించిన పద్ధతి ఒకటి ఉంది. రోడ్లకూ పార్కింగ్ స్థలాలకూ నూటికి ఇన్ని అని మార్కులు వేస్తారు. కొత్తదానికి వంద, పూర్తిగా చెడినదానికి సున్నా. మార్కులు బాగా పడిపోకముందే చిన్న పనులు చేయిస్తారు. పొర స్థితి మొదట్లో నెమ్మదిగా దిగి, ఒక దశ దాటాక ఒక్కసారిగా కుప్పకూలుతుందని దశాబ్దాలుగా వాళ్లు గమనించారు, మన రోడ్ల మీద నేను చూసిందీ అదే. ఆ కుప్పకూలే దశకు ముందున్న ఏళ్లనే మనం చేజేతులా పోగొట్టుకుంటున్నాం.

పూతల పేరుతో జరిగే తప్పుడు పని గురించి హెచ్చరించకుండా ఉండలేను. గ్యారేజీలో వాడేసిన ఇంజిన్ ఆయిల్ తెచ్చి చల్లి, నల్లగా మెరుస్తోంది చూడండని చూపించేవారున్నారు. వారం రోజులు మెరుస్తుంది. నూనె తారును కరిగించడం ఆ వారంలోనే మొదలవుతుంది. పైగా వానకు ఆ నూనె కొట్టుకుపోయి కాలువల్లో, చెరువుల్లో కలుస్తుంది. బొగ్గు నుంచి తీసే తారుతో చేసిన పూతలూ ఉన్నాయి. డీజిలుకు అవి కరగవన్న మాట నిజమే గాని, వాటిలో క్యాన్సర్ కారక పదార్థాలు ఎక్కువ. పార్కింగ్ స్థలాల నుంచి ఆ పూత పొడి వాగుల్లోకి చేరుతోందని తేలాక అమెరికాలోని ఆస్టిన్ నగరం 2006 నుంచి వాటిని నిషేధించింది. టెండరులో పూత ఏ రకమో స్పష్టంగా రాయాలి. ‘నల్ల పూత’ అని రాసి వదిలేస్తే ఏదైనా పూస్తారు.

గుంత పూడ్చడం కూడా మనవాళ్లు ఎలా చేస్తారో అందరూ చూస్తూనే ఉన్నారు. నీళ్లు నిలిచి ఉండగానే నాలుగు గంపల కంకర, రాతిపొడి కుమ్మరించి, పారతో సర్ది వెళ్లిపోతారు. రెండో రోజుకు అదంతా చుట్టూ చెల్లాచెదురై, దాని మీద స్కూటర్లు జారుతుంటాయి. సరైన పద్ధతిలో గుంత చుట్టూ గట్టి భాగం తగిలేదాకా నలుపలకలుగా కోయాలి, అంచులు నిలువుగా ఉండాలి. లోపల మట్టి, తడి లేకుండా తీసి, అడుగుకూ అంచులకూ ఎమల్షన్ రాయాలి. తారు కలిపిన కంకరను పలుచటి పొరలుగా వేసి ఒక్కో పొరనూ దిమ్మిసతో కొట్టాలి. పైభాగం చుట్టూ ఉన్న మట్టానికి రవ్వంత ఎత్తుగా వదిలితే బండ్ల బరువుకు సమానమవుతుంది. వానాకాలంలో వేడి మిక్స్ (కాచిన తారు కలిపిన కంకర) దొరకదనేది ఇప్పుడు సాకుగా చెల్లదు. సంచుల్లో వచ్చే రెడీమేడ్ ప్యాచ్ మిక్స్ కోసం ఐఆర్‌సీ 116 పేరుతో 2014లోనే ప్రమాణాలు వచ్చాయి. నాలుగు సంచులు స్టోర్ గదిలో పెట్టుకుంటే వాచ్‌మన్ కూడా గుంత పూడ్చగలడు.

అన్నిటికన్నా చవకైన పని కాలువలు తీయించడం. అన్నిటికన్నా తక్కువగా జరిగేదీ అదే. నీరు పారాలంటే వంద మీటర్లకు కనీసం ఒకటిన్నర రెండు మీటర్ల వాలు ఉండాలి. ఆ ఆస్పత్రిలో వాలు సరిగానే ఇచ్చారు, వేసిన కాంట్రాక్టరును ఈ విషయంలో తప్పు పట్టలేను. నీరు వెళ్లవలసిన కాలువ మూతల మీద గానుగ చెట్ల ఆకులు, టీ కప్పులు, మందుల అట్టపెట్టెలు పేరుకున్నాయి. నీరు వెనక్కి తన్ని అక్కడే నిలిచింది. మొదటి గుంతలు పడింది కచ్చితంగా ఆ మూతల చుట్టూనే. దానికి తోడు పైన ట్యాంకు పొంగిన నీళ్లు, ఏసీల నుంచి కారే నీళ్లు గొట్టం లేకుండా నేరుగా తారు మీద పడుతున్నాయి. వానే లేని ఏప్రిల్‌లో కూడా ఆ చోటు తడిగానే ఉంటుంది. రెండు గజాల ప్లాస్టిక్ గొట్టం తగిలిస్తే ఆగే నష్టం అది.

ఖర్చుల లెక్క కొలతల్లో చెబుతాను, ధరలు ఏటా మారుతుంటాయి కాబట్టి. రెండు వేల చదరపు మీటర్ల స్థలం అనుకుందాం. దానిపై 40 మిల్లీమీటర్ల మందాన కొత్త తారు పొర వేయాలంటే 80 ఘనపు మీటర్ల మిక్స్ కావాలి. తూకంలో దాదాపు 190 టన్నులు. అందులో తారే పది టన్నుల దాకా ఉంటుంది, మిగిలినదంతా ఎక్కడో కొండ పగలగొట్టి తెచ్చిన రాయి. అదే స్థలానికి చదరపు మీటరుకు లీటరు చొప్పున పూత వేసినా రెండు టన్నుల ఎమల్షన్‌తో సరిపోతుంది. దాన్ని కూడా ఏటా వేయనక్కర లేదు, నాలుగైదేళ్లకు ఒకసారి చాలు. ఏటా చేయవలసింది పగుళ్లు నింపడం, కాలువలు తీయడం మాత్రమే. అడుగు పొర కూడా చెడి మొత్తం తవ్వవలసి వస్తే 190 టన్నుల లెక్క కూడా చాలదు. ఇప్పుడు ఆ ఆస్పత్రికి వచ్చిన పరిస్థితి అదే.

డబ్బు లేదన్న మాట నేను ఒప్పుకోను. ఆ ఆవరణలో బండి నిలిపినందుకు రోగుల బంధువుల దగ్గర రుసుము వసూలు చేస్తున్నారు. ఏటా వేలం పాట పెట్టి కాంట్రాక్టుకు ఇస్తున్నారు. ఆ స్థలం వల్ల వచ్చే ఆదాయంలో ఒక భాగాన్ని ఆ స్థలం మీదే ఖర్చు పెట్టాలని పాట నిబంధనల్లో ఒక్క వాక్యం చేర్చవచ్చు. ఎవరి చేతుల మీదుగా ఖర్చు కావాలో కూడా అందులోనే రాయాలి. అసలు చిక్కు అక్కడే ఉంది. ఆస్పత్రి వారు ఇంజినీరింగ్ విభాగం వైపు చూపిస్తారు. ఇంజినీరింగ్ విభాగం తమకు అప్పగింత పత్రం లేదంటుంది. పాటదారు తన పని రసీదులు చింపడమేనంటాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. ఏ కాగితంలోనూ ఎవరి పేరూ రాసి లేదు, అంతే. కొత్త పనికి శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. పగులు నింపిన పనికి అవేవీ ఉండవు కాబట్టి దాన్ని అడిగేవారు లేరు. ఇది నన్ను ఉద్యోగంలో ఉన్నప్పుడూ బాధపెట్టింది, ఇప్పుడూ బాధపెడుతోంది.

కాంట్రాక్టరుకు లోపాల బాధ్యత కాలం అని ఒకటి ఉంటుంది. ఆ గడువు లోపల పొర చెడితే తన ఖర్చుతోనే బాగుచేయాలి. గడువు ముగియడానికి నెల ముందు ఒక ఇంజినీరు వెళ్లి, స్థలమంతా నడిచి చూసి, పగుళ్లు రాసి, ఫొటోలు తీసి నోటీసు ఇస్తే ఖజానా మీద భారం పడకుండానే సగం పని అయిపోతుంది. ఆ నెలలో ఎవరైనా వెళ్లి చూశారా? కాగితాల మీద ఆ తేదీ ఉంటుంది. చూసే మనిషే ఉండాలి. అపార్ట్‌మెంట్ సంఘాల వారికి, ప్రైవేటు ఆస్పత్రుల వారికి కూడా నా మనవి ఇదే. తారు వేయించేటప్పుడు ఈ గడువును ఒప్పందంలో రాయించుకోండి. ఆ తేదీని గోడ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి.

మొత్తం సిమెంటు కాంక్రీటు వేసేస్తే ఈ గొడవే ఉండదని కొందరు అంటున్నారు. బస్సులు నిలిచే చోట, నూనె కారే చోట కాంక్రీటే మంచిది. ఆ మాట పైన నేనే రాశాను. అంతటా వేస్తే మొదటి ఖర్చు ఎక్కువ. దానికీ పలకల మధ్య కీళ్లు (జాయింట్లు) ఉంటాయి, ఆ కీళ్లలోనూ నీరు దిగుతుంది, వాటినీ నింపుతూ ఉండాలి. ఆక్సిజన్ గొట్టం కోసమో కేబుల్ కోసమో ఒకసారి తవ్వారంటే తారులా సులువుగా అతుక్కోదు. ఏ సామగ్రి వేసినా చూసుకునే మనిషి లేకపోతే ఒక్కటే ఫలితం.

ఆ ఆస్పత్రి అంచనాలు ఇంకా మంజూరు కాలేదని మీ వార్తలోనే ఉంది. అంటే సవరించడానికి వ్యవధి ఉంది. కొత్త పొరతో పాటు ఐదేళ్ల నిర్వహణను కూడా అదే ఒప్పందంలో చేర్చవచ్చు. గ్రామీణ రోడ్లకు ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో ఐదేళ్ల నిర్వహణ వేసిన కాంట్రాక్టరే చూసుకోవాలన్న షరతు ఎప్పటి నుంచో ఉంది. ఊరి రోడ్డుకు వర్తించేది ఆస్పత్రి ఆవరణకు ఎందుకు వర్తించకూడదు? ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు కాంక్రీటు పట్టీలు, ఏసీ నీళ్లకు గొట్టాలు, ఏటా మృగశిర కార్తెకు ముందు కాలువల పూడికతీత, జనవరిలో పగుళ్ల పరిశీలన, ఇవన్నీ నమోదు చేసే ఒక రిజిస్టరు. ఇవి చేర్చినంత మాత్రాన అంచనా మొత్తం పెద్దగా పెరగదు. ఇంజినీరింగ్ విభాగం వారు పిలిస్తే వచ్చి స్థలం చుట్టూ తిరిగి, ఎక్కడెక్కడ నీరు దిగుతోందో చూపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. నాకు ప్రతిఫలం ఏమీ అక్కర లేదు.

మీ విలేకరికి ఒక విన్నపం. ఈసారి అధికారులను కలిసినప్పుడు పనులు ఎప్పుడు మొదలవుతాయని అడగడంతో ఆగవద్దు. పని పూర్తయ్యాక మూడో ఏడు జనవరిలో ఆ స్థలాన్ని పరిశీలించవలసిన అధికారి ఏ హోదాలో ఉన్నవారు, దానికి డబ్బు ఏ పద్దు నుంచి వస్తుంది అని కూడా అడిగి, వారు చెప్పిన జవాబును అదే పేజీలో అచ్చువేయండి.

ఇట్లు,
రోడ్లు భవనాల శాఖ విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టర్,
పల్నాడు జిల్లా